పచ్చికకు విశ్రాంతి

తన హక్కును తానే కొంతకాలము విడిచియుండుట దౌర్బల్యమా, ధర్మమా? ఈ ప్రశ్న వేదాంతగ్రంథములయందే గాక యొక యాటస్థలమునందును పుట్టుచున్నది.

స్కాట్లండు దేశమున సముద్రతీరమందు సెయింట్ ఆండ్రూస్ అను పట్టణము కలదు. అచ్చటి యిసుకనేలపై గోల్ఫు ఆడుకొనుటకు పట్టణవాసులకు గల హక్కును 1552వ సంవత్సరమున ఆర్చిబిషప్పు హామిల్టను శాసనమూలమున అంగీకరించెను. నేటికిని ఆ నేల ప్రజల సొత్తే. అయినను చలికాలము వచ్చినతోడనే అచ్చటివారు తమ నేలపై తామే కట్టుబాట్లు విధించుకొనుచున్నారు.

అందులకు కారణము తెలిసికొనదగినది. చలి ముదిరినపుడు గడ్డి పెరుగుట దాదాపుగా నిలిచిపోవును. వేసవిలో కొలది దినములలో మానెడి గాయము శీతకాలమున నెలల తరబడి మానదు. అందుచేత అచ్చటి పాతమైదానమున నవంబరు మొదలు మార్చి వరకు ఆటగాడు కృత్రిమపు పచ్చికతో చేసిన చిన్న చాపను వెంటగొనిపోయి, నడిమి పచ్చికబయలునందు బంతిని దానిపై నుంచి కొట్టుచుండును. పెక్కు గోల్ఫు మైదానములయందు, మంచు పేరుకొనిన యుదయమున ఆట కొంతసే పాపబడును. గడ్డిపోచలు గడ్డకట్టియుండగా అడుగు పడెనేని వానిలోని కణములు చిట్లును.

చిత్రమేమనగా, ఆ క్షణమున హాని యేమియు కనబడదు. మంచు కరగి, తొక్కినవాడు ఇల్లు చేరిన పిదప, అడుగుల యాకారముననే గడ్డి కమిలి నల్లబడును. చేసినవానికి తన తప్పు తెలియదు. తరువాత వచ్చినవాడు దాని ఫల మనుభవించును. లోకమునందలి అన్యాయములలో ననేకము లిట్టివే యని మా తలంపు.

దూరదేశమునుండి, చిరకాలము కూడబెట్టిన ధనముతో వచ్చినవానిని ఒక యుదయము ద్వారమునొద్ద నిలుపుట న్యాయమా? "నా యొక్కని యడుగులచే నేమగును?" అని యతడు అడుగవచ్చును. అతని యాశాభంగము నిజమైనది. దానిని మేము పరిహసింపము. కాని ఆ ప్రశ్ననే వెనుకవాడును, వాని వెనుకవాడును అడుగును గదా! ప్రతివాడును ఒక్కడే యైనపుడు మైదానమును పాడుచేసినవా రెవరు?

అయిన నొక్క నియమము. ఈ నిలుపుదల యందఱికిని సమానముగా వర్తింపవలెను. ధనికునకు తలుపు తెఱచి, సామాన్యునకు మూసినయెడల నది సంయమము గాదు, నిర్బంధము. ఆ పాతమైదానమున సాధారణముగా ఆదివారము ఆట యుండదు. నాడు ఎవరైనను ఆ పచ్చికపై విహరింపవచ్చును. ఆటగాని హక్కు విశ్రమించిన దినమున ఆట యెఱుగనివాని హక్కు మేల్కొనుచున్నది. సంయమమున కింతకంటె మంచి ఫలమేమి కలదు?

తెల్లవాఱకముందే చలిలో వచ్చి, నేలను తాకి చూచి, "ఇంకను కాదు" అని చెప్పు తోటపనివానిని ఎవరును మెచ్చుకొనరు. వసంతమున ఆ పచ్చికపై నడచువారు వానిని తలంపనైన తలంపరు. చదువరులారా! ఉమ్మడి సొత్తును కాపాడువారికి దొరకు ప్రతిఫలము తఱచుగా ఇంతియే. ఐనను అట్టివా రుండుటచేతనే మన తరువాతివారికి హక్కులతోపాటు నేలయు మిగులుచున్నది.