సిఫారసు కూడా సాక్ష్యమే

ట్యునీషియా దేశంలో సముద్రపు ఒడ్డున గాబెస్ అనే పట్టణం ఉంది. అక్కడి జారా మస్జిదు మినార్ మీద 2012లో ఎల్ సీద్ అనే కళాకారుడు అరబీ లిపిలో ఒక ఆయత్‌ను ఎంతో దూరానికి కనబడేలా చిత్రించాడు. ట్యునీషియా తల్లిదండ్రులకు ఫ్రాన్సులో పుట్టినవాడాయన. ఎంచుకున్నది అల్ హుజురాత్ సూరాలోని 13వ ఆయత్. మానవులందరూ ఒకే స్త్రీ పురుషుల నుండి పుట్టారనీ, వారిని జాతులుగా, తెగలుగా చేసింది ఒకరినొకరు గుర్తించుకోవడానికేననీ, అల్లాహ్ వద్ద అందరికన్నా గౌరవనీయుడు అందరికన్నా ఎక్కువ భయభక్తులు గలవాడేననీ అందులోని భావం. ఏం రాస్తావని గానీ, నమూనా చూపమని గానీ ఆ మస్జిదు ఇమామ్ తనను అడగలేదని ఆయనే తర్వాత ఒక ప్రసంగంలో చెప్పుకున్నాడు.

ఆ మినార్ ఫోటోలు దేశదేశాలకు వెళ్ళాయి. అరబ్ కళాకారుల, డిజైనర్ల పనితనాన్ని లోకానికి పరిచయం చేయడం నేడు ఒక పెద్ద వ్యవహారమే. పారిస్‌లో అరబ్ ప్రపంచ సంస్థ 1987లో తలుపులు తెరిచింది. షార్జాలో 1993 నుండి బినాలె ప్రదర్శనలు సాగుతున్నాయి. సౌదీ కళాకారుల కోసం 2003లో మొదలైన ‘ఎడ్జ్ ఆఫ్ అరేబియా’ 2008లో లండన్‌లో ప్రదర్శన పెట్టింది. 2012లో బ్రిటిష్ మ్యూజియం హజ్ గురించి ఏర్పాటు చేసిన ప్రదర్శనలో అహ్మద్ మాతర్ అనే సౌదీ వైద్యుని కృతి ఉంది. నల్లని ఘనాకారపు అయస్కాంతం ఒకటి, దాని చుట్టూ వలయాలుగా నిలబడిన ఇనుప రజను. కాబా చుట్టూ తవాఫ్ చేసే జనం చూసేవారికి వెంటనే స్ఫురిస్తారు. ఇస్లాం గురించి ఏమీ తెలియనివాడు కూడా దాని ముందు ఒక్క క్షణం ఆగుతాడు.

మరి ఇదంతా విశ్వాసికి పట్టని ప్రాపంచిక గొడవ అనుకోవాలా? (ప్రాణుల చిత్రాల గురించి పండితుల మధ్య ఉన్న చర్చ వేరు. మనం ఇక్కడ లిపి, కట్టడం, చేతిపని వంటి వాటి గురించే మాట్లాడుకుంటున్నాం.) మా దృష్టిలో ఇది ధర్మం పట్టించుకునే విషయమే. ఎందుకంటే ఒకరి పనిని పదిమందికి చూపడమంటే సిఫారసు చేయడమే. మంచి సిఫారసు చేసినవానికి ఆ మంచిలో భాగం ఉందని, చెడు సిఫారసు చేసినవానికి ఆ చెడులో భాగం ఉందని దివ్యఖుర్ఆన్ (4:85) హెచ్చరించింది. గ్యాలరీ యజమాని అయినా, పత్రికలో రాసేవాడయినా, వేలంపాట నడిపేవాడయినా ఈ లెక్క నుండి తప్పించుకోలేడు.

సిఫారసులో మొదటి పరీక్ష పొగడ్త. దైవప్రవక్త (స) సమక్షంలో ఒకాయన మరొకరిని ఆకాశానికెత్తితే, నీవు నీ మిత్రుని మెడ నరికావని ఆయన (స) మందలించారు. పొగడక తప్పకపోతే ‘నేనిలా అనుకుంటున్నాను, లెక్క చూసేవాడు అల్లాహ్’ అని చెప్పమన్నారు. నేటి ప్రదర్శనల కరపత్రాలు చదివితే ఈ హదీసు గుర్తుకు రాక మానదు! మొట్టమొదటివాడు, సాటిలేనివాడు అనని కాగితం దొరకడం కష్టం. అలా పొగిడేవాడు కళాకారునిలో ప్రదర్శనాబుద్ధి అనే నిప్పు రాజేస్తున్నాడు. పేరు కోసం దానమిచ్చినవాడు, పేరు కోసం ఖుర్ఆన్ చదివినవాడు, పేరు కోసం పోరాడి చనిపోయినవాడు ప్రళయదినాన ఏమవుతారో సహీహ్ ముస్లింలోని హదీసు మనకు తెలిసిందే.

వెయ్యేళ్ళ క్రితం బాగ్దాద్‌లో ఇబ్నుల్ బవ్వాబ్ అనే లేఖకుడు ఉండేవాడు. ఆ పేరుకు ద్వారపాలకుని కొడుకని అర్థం. హిజ్రీ 391లో ఆయన రాసిన ఖుర్ఆన్ ప్రతి ఇప్పుడు ఐర్లండ్‌లో, డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ గ్రంథాలయంలో ఉంది. చివర తన పేరు రాసుకున్నాడు, దాచుకోలేదు. కానీ ఆ పేరు పక్కనే తన పాపాలకు క్షమాపణ వేడుకున్నాడు.

రెండో పరీక్ష ఇంకా కఠినమైనది. లోపాన్ని దాచకుండా చూపడం. బజారులో ధాన్యపు రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టగా వేళ్ళకు తడి తగిలిన సంఘటన మనందరం విన్నదే. వర్షానికి తడిసిందని వ్యాపారి అంటే, జనం చూసేలా దాన్ని పైన ఎందుకు పెట్టలేదని ఆయన (స) నిలదీశారు. మోసగించేవాడు మావాడు కాడన్నారు.

ఈజిప్టు వాస్తుశిల్పి హసన్ ఫతీ (1900–1989) విషయమే తీసుకోండి. లక్సోర్ దగ్గర గుర్నా గ్రామస్థుల కోసం 1940లలో ఆయన మట్టి ఇటుకలతో కొత్త ఊరు కట్టించాడు. కలప ఆధారం లేకుండా కమానుకప్పులు లేపే నూబియా మేస్త్రీలను పిలిపించాడు. పేదవానికి అందుబాటులో ఉండే అందమైన ఇల్లు ఆయన కోరిక. కానీ ఎవరి కోసం కట్టారో వారిలో చాలామంది అక్కడికి వెళ్ళడానికి ఇష్టపడలేదు. ఊరు పూర్తి కానేలేదు. తర్వాత ఆయన పుస్తకం 1973లో చికాగోలో అచ్చయి ప్రపంచమంతా ఆయన పేరు మారుమోగింది. ఆ పుస్తకంలో ఫతీ తన వైఫల్యాన్ని దాచలేదు, గుర్నా కథ అంతా చెప్పాడు. ఆయన్ను పొగిడేవారిలో కొందరు మాత్రం గుమ్మటాల ఫోటోలు చూపి, ఖాళీ ఇళ్ళ సంగతి వదిలేస్తారు. తడి ధాన్యాన్ని అడుగున పెట్టడమంటే ఇదే కాదా?

మరో ప్రమాదం కూడా ఉంది. ‘అరబ్’ అనే మాటే గొప్పతనమైపోవడం. అరబ్బుకు అరబేతరునిపై గానీ, అరబేతరునికి అరబ్బుపై గానీ ఆధిక్యత లేదని దైవప్రవక్త (స) హజ్ ప్రసంగంలో ప్రకటించారు. అరబ్ కళను చూపేవాడు అది గుర్తుంచుకుంటే ఒకరినొకరు తెలుసుకునే పనిలో ఉన్నట్టు. మరచిపోతే జాతి గర్వానికి బాకా ఊదుతున్నట్టు. కొనేవారి అభిరుచి కోసం అరబ్బు అంటే ఒంటె, యుద్ధం, ముసుగు మాత్రమే అని చూపడం కూడా అబద్ధపు సాక్ష్యమే. అక్కడ అవమానం పాలయ్యేది ఒక జాతి మొత్తం.

డబ్బు విషయం ఒక్క మాట. అబ్దుల్ నాసిర్ ఘారెమ్ అనే సౌదీ కళాకారుని కృతి 2011లో దుబాయ్ వేలంలో 8,42,500 డాలర్లకు అమ్ముడైంది. ఆ సొమ్మును ఆయన యువ కళాకారుల శిక్షణ కోసం ఇచ్చేశాడు. ధర సంగతి అందరూ రాశారు. ఇచ్చేసిన సంగతి రాసినవారు తక్కువ.

గల్ఫ్ నుండి మనవాళ్ళు తెచ్చిన ఆయతుల్ కుర్సీ ఫ్రేములు మన ఇళ్ళలో ఎన్నో ఉన్నాయి. ఆ అక్షరాలు ఏ లిపిలో ఉన్నాయో, నస్ఖా, సులుసా, ఎవరి చేతి రాతో మనలో ఎంతమందిమి అడిగాం? పిల్లలు అడిగితే ఏం చెబుతాం? ఫ్రేము వెనక్కి తిప్పి చూస్తే కొన్నిసార్లు కంపెనీ ముద్ర ఉంటుంది, రాసినవాని పేరు ఉండదు.