వలదనుటయు ధర్మమే

కార్యమును సాధించినవానిని లోకము కొనియాడును. చేయదగనిదని యెరిగి మానుకొన్నవానిని కొనియాడువా రరుదు. తప్పిపోయిన కీడు కన్నుల కగపడదు గదా! అందుచేతనే 'వల'దను మాట మనుష్యునకు మిక్కిలి బరువైన మాట యగుచున్నది.

1959వ సంవత్సరము ఫిబ్రవరి 3వ తేదీని, అర్ధరాత్రము దాటి ఒంటిగంట కావచ్చు సమయమున, అమెరికాలోని అయోవా రాష్ట్రమున మేసన్ సిటీ విమానాశ్రయమునుండి బీచ్‌క్రాఫ్ట్ బొనాంజా యను చిన్న విమానము పైకి లేచెను. బడ్డీ హాలీ, రిచీ వాలెన్స్, జె. పి. రిచర్డ్‌సన్ అను ప్రసిద్ధగాయకులు మువ్వురు అందు ప్రయాణికులు. నడుపువాడు 21 ఏండ్ల యువకుడు. కొలది నిమిషములకే విమానము సుమారు 5 మైళ్ల దూరమున పొలములో గూలెను. నలుగురును మరణించిరి.

ఆ రాత్రి మంచు కురియుచుండెను. క్రింద దీపములు లేవు. నింగికిని నేలకును నడుమ గీత తోపదు. అట్టిచోట దేహమే మనుష్యుని వంచించును. మెల్లనైన మలుపును లోచెవి పసిగట్టజాలదు; విమాన మొరగి క్రిందికి జారుచున్నను తిన్నగా పోవుచున్నట్లే తోచును. అప్పుడు నమ్మదగినవి పరికరములు మాత్రమే. వానినే యాధారముగా గొని నడుపు అర్హత ఆ యువకునకు లేదు. 1958లో జరిగిన ఆ పరీక్షయందు అతడు నెగ్గలేదు. పైగా, విమానపు ముక్కు పైకెత్తినదో క్రిందికి వాలినదో తెలుపు పరికరము, వాడుకలోనున్న పరికరములకు విపరీతమైన రీతిని చూపునట్టిది.

విచారణ జరిపిన సివిల్ ఏరోనాటిక్స్ బోర్డు, బయలుదేరుటకు అతడు చేసిన నిర్ణయము అవివేకమని తేల్చినది. అది సత్యమే. ధైర్య మున్నంతమాత్రమున సామర్థ్యము రాదు. తన ప్రాణమునకు తా నొడ్డు పందెము వేరు. తన్ను నమ్మి కూర్చున్నవారి ప్రాణముల నొడ్డుట వేరు. కాని ఆ నివేదికలోనే మరియొక మాటయు గలదు: దారిలో వాతావరణము చెడుచున్నదను హెచ్చరికలు రెండు అతనికి తెలుపబడలేదు. అడుగనివానికి చెప్పనేలయని కొందరనవచ్చును. తెలిసినవాడు నోరు మెదపనిచో తెలియనివాని వివేకము దేనిపై నిలుచును?

సందేహించుచు కూర్చున్న లోకయాత్ర సాగునాయని మరియొక ప్రశ్న. సందేహము వేరు, తన హద్దు నెరుగుట వేరు. హద్దెరిగినవాడే నిర్భయముగా పనిచేయగలడు.

ఆ రాత్రి యెవరి మనస్సున నేమున్నదో చెప్పగలవారు లేరు. మన యిండ్ల సంగతి మాత్రము మనకు దెలియును. ఏరు పొంగినది, నేడు పడవ కట్టనన్న సరంగును పిరికివాడని పరిహసింతుము. ఈ చికిత్స నాచేత గాదు, పట్టణమునకు గొనిపొండన్న వైద్యుని అసమర్థుడందుము. అట్లు పరిహసించినవారమే, కీడు మూడిన పిదప, ఏల వలదనలేదని యడుగుదుము. 'వల'దన్నవానిని గౌరవింపనేర్చిన యింటనే ఆ మాట సకాలమున వినబడును.