దేహనిగ్రహమును దాపరికమును

పగవాడు కోట వెలుపలినుండి వచ్చినప్పుడు వానిని గుర్తించుట కష్టము గాదు. తన యింట బుట్టి, తన యన్నము దిని, తన పోలికనే పెరిగినవాడు పగవాడైనచో నేమి చేయవలెను? ఈ ప్రశ్న ప్రతిమనుష్యుని దేహమునందును దినదినము పుట్టుచున్నది. మన పెద్దలు రాచపుండని పిలిచిన క్యాన్సరు మన దేహకణమే కట్టుదప్పి పెరుగుటవలన గలుగు వ్యాధి. దానిని శిక్షింపవలసిన రక్షకకణములు మన రక్తమునందే తిరుగుచున్నవి. అయితే అవి స్వజనమును శిక్షింప మొదలిడినచో నెక్కడ నిలుచును? తమ దేహభాగములనే శత్రువులని భ్రమించి అవి నాశనము చేయు వ్యాధులును గలవు. కీళ్లను వంకరలు త్రిప్పు వాతములలో కొన్నియు, పసివారికి వచ్చు మధుమేహమును ఆ జాతిలోనివి. వీనిని స్వయంప్రతిరక్షక వ్యాధులందురు.

జర్మనీ దేశపు శాస్త్రజ్ఞుడు పాల్ ఎర్లిక్ గత శతాబ్దారంభమున ఈ చిక్కును రెండువైపులనుండియు చూచెను. దేహము తనకు తాను విషము పెట్టుకొనుటకు జంకునని ఆయన యొకచోట జెప్పెను. రక్షణశక్తియే లేకున్నచో క్యాన్సరు మిక్కిలి తరచుగా గనబడియుండెడిదని 1909 లో వేరొకచోట జెప్పెను. ఆ జంకునకును ఈ శిక్షకును గల సంబంధ మాయన కాలమున దేలలేదు. దానిని దేల్చినవి ప్రయోగశాలలలోని చిట్టెలుకలు.

రక్షకకణము ఒకసారి రెచ్చినతరువాత దాని వేగము నాపుటకు దానిమీదనే యొక కళ్లెము పుట్టును. శాస్త్రజ్ఞులు దానికి సి.టి.ఎల్.ఎ.-4 అని పేరిడిరి. 1995 లో ఉత్తర అమెరికాలోని రెండు పరిశోధకబృందములు ఈ కళ్లెము పుట్టుకతోనే లేని చిట్టెలుకలను బెంచినవి. వానికి ఏ సూక్ష్మజీవియు సోకలేదు, ఎవరును విషము పెట్టలేదు. అయినను వాని రక్షకకణములు అదుపులేక పెరిగి, గుండెలోనికిని క్లోమములోనికిని చొచ్చుకొనిపోయినవి. మూడు నాలుగు వారములు నిండునప్పటికి ఆ పిల్లలు మరణించినవి. మరుసటి యేడు, 1996 లో, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున జేమ్స్ ఆలిసన్ ఆ కళ్లెమును తీసివేయక, దానిని కొద్దికాలము పనిచేయనీయని ప్రతిదేహమును మాత్రము ఎలుకలకు సూదితో నెక్కించెను. వాని దేహములలో పెరుగుచున్న క్యాన్సరు గడ్డలు కరగిపోయినవి. తరువాత అదే క్యాన్సరును మరల నాటినను అది వానియందు నిలువలేదు.

ఈ రెంటిని చేర్చి చదువునప్పుడు మాకు గలిగిన యాశ్చర్యము ఇంతయని చెప్పజాలము. ఎలుకను తన చేతిలో తాను చావకుండ గాచుచున్న కళ్లెమే క్యాన్సరునకు చాటయి నిలిచినది. క్యాన్సరు మనలోనిదే గనుక, మనకు మనము చూపుకొను క్షమలో దానికిని భాగము దొరకినది.

జపానుదేశమున క్యోటో విశ్వవిద్యాలయపు తసుకు హోంజో 1992 లో పి.డి.-1 అను మరియొక కళ్లెమును గనుగొనెను. అది లేని నల్లయెలుకలకు వయస్సు ముదిరినకొలది కీళ్లును మూత్రపిండములును చెడినట్లు 1999 లో దెలిసినది. వేరొక వంశపు ఎలుకలలో అదే లోపము గుండెను దెబ్బతీసినట్లు 2001 లో దెలిసినది. వదలిన కళ్లె మొక్కటియే. దెబ్బ తగిలిన చోటు మాత్రము వంశమునుబట్టి మారినది. చదువరు లీ సంగతి మనసున నుంచుకొందురుగాక. సకగుచి అను మరియొక జపానుదేశీయుడు, అల్లరి నణచు కాపరికణములు వేరుగా నున్నవని 1995 లో జూపెను. 1999 లో ఆ కాపరులను తొలగించినప్పుడు ఎలుకలు నాటిన క్యాన్సరును త్రోసివేసినవి. ఆలిసన్, హోంజోలకు 2018 లోను, సకగుచికి మరి యిద్దరితో గలిపి 2025 లోను నోబెలు బహుమాన మీయబడినది.

ఎలుకల కథలలో మమ్ము మిక్కిలి యాకర్షించినది 1999 నాటి యొక ప్రయోగము. చర్మమునకు రంగు నిచ్చు కణములనుండి పుట్టు మెలనోమా యను క్యాన్సరును నల్లయెలుకలకు నాటి, కళ్లెమును వదలుచు దానితోకూడ ఒక టీకాను గూడ వేసిరి. క్యాన్సరు పోయినది, ఎలుకల నల్లని బొచ్చు తెల్లబడినది. చెడిన రంగుకణమును చంపుటకు నేర్చిన రక్షకకణము మంచి రంగుకణమునుగూడ విడువలేదు. మెలనోమా రోగులలోను చికిత్సవలన బొల్లి వచ్చినవారు తరచుగా ఎక్కువకాలము బ్రతుకుచున్నారని వైద్యులు చూచిరి. మనదేశమున బొల్లిమచ్చ గల పిల్లకు పెండ్లి సంబంధము లేకుండ జేయు పెద్దమనుష్యు లీ మాట వినవలెను.

1895 లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో నడపిన పరిశోధనాలయమునుండి మెథోట్రెక్సేటు వంటి మందులు వచ్చినవి. ఆ మందు రక్తపు క్యాన్సరునకును, కీళ్లవాతమునకును గూడ వాడబడుచున్నది. రెండు వ్యాధులను అణచు మందు మన కదివరకే గలదు. ఈ క్రొత్త మందుల తీరు వేరు. ఇవి ఒకదానిని మాన్పుటకు రెండవదానిని బిలుచును. సి.టి.ఎల్.ఎ.-4 ను నిలిపివేయు మందు 2011 లో అమెరికాలో అంగీకరింపబడినది. ఆశ వదలుకొన్నవారిలో కొందరు ఏండ్లతరబడి బ్రతికిరి. కొందరికి ప్రేగులు పుండ్లుబడినవి, కొందరికి థైరాయిడు చెడినది, ఊపిరితిత్తులు వాచినవి. అరుదుగా గుండెయు దెబ్బతిన్నది. ఎవరికి ఏ చోట దెబ్బ తగులునో ముందుగా జెప్పగల వైద్యుడు లేడు. కావున దానిని మొదట కనిపెట్టవలసినవాడు రోగియే.

మా మనస్సును కలచుచున్న విషయ మిక్కడ మొదలగును. మన యిండ్లలో క్యాన్సరు పేరు రోగికి జెప్పరు. కొడుకులకు జెప్పుదురు, అల్లునికి జెప్పుదురు, ఇరుగుపొరుగువారికి గూడ దెలిసిపోవును. మంచము మీదివానికి మాత్రము దెలియదు. మాకు దెలిసిన యొక కుటుంబమున డెబ్బదేండ్ల పెద్దాయనకు ఈ సూదిమందు నిప్పించుచు, బలమునకని చెప్పిరి. రెండు నెలలకు విరేచనములు పట్టుకొన్నవి. ఏదో పడనిది తింటినని తలచి ఆయన తనకు దానే పథ్యము విధించుకొనెను. కోడలు భక్తితో దానిమ్మతొక్క కషాయమును, మజ్జిగతేటయు నిచ్చినది. పదిదినములకు, లేవలేని స్థితిలో ఆసుపత్రికి జేర్చిరి. వైద్యులు సూదిమందు మాని, వదలిన కళ్లెమును మరల బిగించు స్టెరాయిడ్లను ఇచ్చిరి. ప్రాణము నిలిచినది.

దయచేతనే దాచితిమని ఆ కుటుంబమువారు మాతో ననిరి. ఆ దయను మేము శంకింపము. వ్యాధిపేరు వినినంతమాత్రమున ధైర్యము సడలిపోయినవారిని మేమును చూచితిమి. అట్టివానికి ఏ దినమున, ఎవరినోట, ఎంతవరకు చెప్పవలెనో విచారించుకొనుటకు సమయము వలయును. అయితే దాపరికము పూర్వపు మందులవిషయమున చేసిన కీడు వేరు, దీనివిషయమున చేయు కీడు వేరు. వెనుకటి రోగికి వ్యాధి యేదియో తెలియకున్నను, మందువలని బాధ చాలవరకు వైద్యుని లెక్కలోని బాధయే. ఈ మందు వైద్యుని యెదుట గాక, నెలలు గడచినపిదప, ఇంటిలో, అర్ధరాత్రమున బాధింపవచ్చును. తన దేహమునందు ఏ కళ్లెము వదలబడినదో తెలియనివాడు కడుపునొప్పిని అజీర్ణ మనుకొనును, ఆయాసమును ముసలితన మనుకొనును. చెప్పవలసిన వేళ చెప్పకుండును.

ఎలుకలను అడిగి వాని కళ్లెమును ఎవరును తీయలేదు. వాని మరణములవలన వచ్చిన తెలివిని మనము వాడుకొనుచున్నాము. ఆ ఋణమెట్లు తీరునో మాకు దోచుటలేదు. మాటాడనేర్చిన మనుష్యునిగూడ అడుగక, ఆ యెలుకవలెనే బోనులో నుంచుట కేమి సమాధానము చెప్పుకొందుము?

సంగతి తెలిసినప్పుడు ఆ పెద్దాయన కోపపడలేదు. “ముందే చెప్పియుండినచో నేను మొదటినాడే చెప్పియుందునే” అని మాత్రమనెను. ఇప్పుడాయన మందుపేరును, వైద్యుని టెలిఫోను సంఖ్యయు వ్రాసిన చీటిని చొక్కాజేబులో నుంచుకొని తిరుగుచున్నాడు. ఆ చీటిని వ్రాసియిచ్చినది కోడలే.