ఇంటి రోగమును దాచవచ్చునా?



1895వ సంవత్సరమున అమెరికా దేశములోని ఆన్ ఆర్బర్ పట్టణములో, బట్టలు కుట్టి జీవించు ఒక స్త్రీ వార్తిన్ అను వైద్యపండితునితో తన దుఃఖము చెప్పుకొనెను. తన వంశములో అనేకులు ప్రేగులయందో గర్భసంచియందో క్యాన్సరు పుట్టి చనిపోయిరనియు, తానును అట్లే పోవుదుననియు ఆమె చెప్పెను. చివరకు అట్లే జరిగెను. పండితుడు ఆమె మాటను త్రోసివేయక, ఆ కుటుంబపు వంశవృక్షమును వ్రాసి 1913లో ప్రచురించెను. 2000వ సంవత్సరమున ఆ వంశమువారిలో తరతరములకు దిగివచ్చు జన్యులోపము కనుగొనబడెను. అట్టి లోపము గలవారు నేడు తరచుగా ప్రేగులను పరీక్ష చేయించుకొని, గడ్డ ముదరకమునుపే తీసివేయించుకొనగలుగుచున్నారు. ఒక స్త్రీ దాచక చెప్పిన మాటవలన ఎంత మేలు కలిగెనో చూడుము!

మన యిండ్లలో ఏమి జరుగుచున్నది? తల్లి రొమ్ములో గడ్డతో పోయినయెడల, "ఏదో జ్వరము వచ్చి పోయినది" అందుము. నిజము తెలిసిన కుమార్తెకు సంబంధము కుదరదని భయము. ఈ భయము వట్టిది కాదు. అయితే ఆ కుమార్తె నలుబదియవ యేట అదే గడ్డను తడిమి చూచుకొని, తెలియక ఊరకుండినయెడల ఆమె ప్రాణమునకు ఉత్తరవాది ఎవరు?

ఇది పితరుల పాపమునకు శిక్షయని తలంచకుము. క్యాన్సరులలో నూటికి అయిదు మొదలు పది మాత్రమే వంశమునుండి వచ్చును. తలిదండ్రులలో ఒకరికి లోపమున్నను, ఒక్కొక్క బిడ్డకు అది వచ్చుటకు, రాకుండుటకు సమాన అవకాశము. వచ్చినను రోగము తప్పదని కాదు. కావున చెప్పుట శాపము పెట్టుట కాదు, దారిలో గోతిని చూపుటయే.

ఊరంతటికి చాటనక్కరలేదు. రక్తసంబంధులకు చెప్పిన చాలును. బైబిలు మొదటి పుటలో మనము పుట్టిన దినములను, పెండ్లి దినములను వ్రాసికొందుము గదా! అట్లే ఒక కాగితముమీద తల్లి వైపును తండ్రి వైపును ఎవరికి, ఏ అవయవమున, ఏ వయస్సున క్యాన్సరు వచ్చెనో వ్రాయుము. ఒకే వైపున ఇద్దరు ముగ్గురికి వచ్చినను, ఏబది యేండ్లలోపు ఎవరికైన వచ్చినను, ఆ కాగితమును వైద్యునికి చూపుము.

ఇంటిలోని ముసలివారు ఇంకను బ్రదికియుండగానే అడుగుము. వారితోకూడ ఆ జ్ఞాపకములును సమాధిలోనికి పోవును. మన మానమును కాపాడుకొనుటకై బిడ్డల దినములను తగ్గించుట ప్రేమ యగునా? నీవే ఆలోచించుము.