నట్టిల్లు ఎవరిది?



పండుగ రోజుల్లో మన ఆలయానికి వచ్చేవారిలో కొత్తగా ఇల్లు కొన్నవారు, కొనే ప్రయత్నంలో ఉన్నవారు ఎందరో ఉంటారు. అర్చన అయ్యాక ప్రసాదం చేతిలో పట్టుకుని అర్చకస్వామిని అడిగే ప్రశ్నలలో సగం వాస్తు గురించే. "తూర్పు ముఖం దొరకలేదండీ, ఉత్తరమైతే పరవాలేదా?" అని ఒకరు. "ఇంటికి సరిగ్గా నడిమధ్యలో మెట్లు వచ్చాయి, ఏం చేయమంటారు?" అని మరొకరు. ఈ రెండవ ప్రశ్నను గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటున్నాము. మేము వాస్తు పండితులము కాము, వృత్తిరీత్యా వైద్యులము. పెద్దల వద్ద విన్నది, గ్రంథాలలో చదివినది, వృత్తిలో చూసినది కలిపి చెప్పడమే మా ప్రయత్నం.

వాస్తు పురుషుడి కథ మత్స్యపురాణంలో ఉంది. పరమశివుడు అంధకాసురుడితో యుద్ధం చేసేటప్పుడు ఆయన చెమట బిందువు నేల మీద పడింది. దానినుండి భయంకరమైన ఆకలితో ఒక భూతం పుట్టింది. అది ముల్లోకాలనూ మింగబోతుంటే దేవతలందరూ కలిసి దానిని నేలకు అదిమిపెట్టి, ఎవరు పట్టుకున్న చోట వారు కూర్చుండిపోయారు. ఆ భూతమే వాస్తు పురుషుడు. "మరి నా ఆకలి సంగతేమిటి?" అని అతడు అడిగితే, ఇల్లు కట్టుకునేవారు ఇచ్చే బలి నీకు ఆహారమని దేవతలు వరమిచ్చారు. గృహప్రవేశం నాడు మనం చేసే వాస్తు పూజ వెనుక ఉన్న కథ ఇదే.

ఈ కథనే గీతలలో గీస్తే వాస్తు మండలం అవుతుంది. నిలువు 9, అడ్డం 9, మొత్తం 81 గళ్ళు. చుట్టూ అంచున 32 మంది దేవతలు, లోపల 13 మంది, వెరసి 45 మంది. వారిలో నడుమ ఉన్న 9 గళ్ళూ ఒక్క బ్రహ్మదేవుడివే. ఇదే బ్రహ్మస్థానం, వాస్తు పురుషుడి నాభి ప్రదేశం. 64 గళ్ళ మండలం కూడా ఉంది. అందులో నడిమి 4 గళ్ళు బ్రహ్మవి. మన లెక్కలో చెప్పుకోవాలంటే, ఇంటి పొడవును మూడు భాగాలు, వెడల్పును మూడు భాగాలు చేస్తే మధ్యలో వచ్చే గడి బ్రహ్మస్థానం. 45 అడుగుల పొడవు, 40 అడుగుల వెడల్పు ఉన్న ఇంట్లో అది సుమారు 200 చదరపు అడుగులు, అంటే తొమ్మిదో వంతు.

అంత చోటు బ్రహ్మకే ఎందుకు? గుంటూరు జిల్లా చేబ్రోలు వెళ్ళినవారు అక్కడి కోనేటి నడుమ ఉన్న చతుర్ముఖ బ్రహ్మ ఆలయాన్ని చూసే ఉంటారు. నాలుగు ముఖాలున్న స్వామి నడుమ ఉంటేనే నాలుగు దిక్కులూ ఆయన కంటికి ఆనుతాయి. మిగిలిన దేవతలకు ఒక్కొక్కరికి ఒక్కొక్క దిక్కు, ఒక్కొక్క పని. అగ్నికి ఆగ్నేయం, అక్కడ వంట. ఈశాన్యంలో దేవుడి గది. నడుమ మాత్రం ఏ ఒక్క పనికీ రాసి ఇవ్వలేదు. అందరికీ చెందినది కనుక ఎవరూ సొంతం చేసుకోరాదు. మాకు అర్థమైనంతలో బ్రహ్మస్థానం తాత్పర్యం ఇదే.

మన పెద్దలు దీనిని మాటల్లో చెప్పలేదు, కట్టి చూపించారు. కోస్తా జిల్లాలలోని మండువా లోగిళ్ళు చూడండి. నడుమ ఆకాశం కనిపించే చోటు, చుట్టూ నాలుగు వసారాలు, వాటి వెనుక గదులు. తెలంగాణలో ఇటువంటి ఇంటిని భవంతి అంటారు. వాన నీరు మండువాలో పడి తూము గుండా బయటికి పోయేది. వేడి గాలి పైకి పోయి గదులు చల్లబడేవి. అన్నదమ్ముల కుటుంబాలు నాలుగు వైపులా ఉన్నా, ఎవరు ఏ గదిలోంచి బయటికి వచ్చినా మండువా అంచున అడుగు పెట్టవలసిందే. అలిగిన తోడికోడళ్ళు కూడా రోజుకు పదిసార్లు ఒకరి ముఖం ఒకరు చూడక తప్పేది కాదు! పెళ్ళి పందిరి అక్కడే, పిల్లల ఆటలు అక్కడే, పెద్దాయన పడక కుర్చీ దాని అంచునే.

ఆ మండువాను మంచు కురిసే ఈ దేశానికి తెచ్చుకోలేము. ఇక్కడి తొలినాటి న్యూ ఇంగ్లండ్ ఇళ్ళలో చలిని తట్టుకునేందుకు నడిమధ్య పెద్ద పొగగొట్టం కట్టి, నెగళ్ళ చుట్టూ గదులు వేసుకున్నారు. వారికి నిప్పు నడుమకు వచ్చింది, మనకు ఆకాశం వచ్చింది. వాతావరణాన్ని బట్టి కట్టడం మారినా, ఇంటిల్లిపాదీ చేరే చోటు నడుమనే ఉండాలన్న ఆలోచన మారలేదు.

6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో వాస్తువిద్యకు ఒక అధ్యాయం కేటాయించాడు. సుఖం కోరే గృహస్థు ఇంటి మధ్యనున్న బ్రహ్మను శ్రద్ధగా కాపాడుకోవాలనీ, ఎంగిలి మొదలైన వాటితో ఆ చోటు చెడితే ఇంటి యజమాని బాధపడతాడనీ అందులో చెప్పాడు. ఇక్కడ "కాపాడుకోవాలి" అన్న మాట ముఖ్యం. ఇల్లు కొనేరోజున ప్లాను చూసుకుని ఆపైన మరచిపోయే సంగతి కాదిది, రోజూ చేసుకోవలసిన పని.

ఇప్పుడు మన ఇళ్ళ నట్టింటికి వద్దాం. నాలుగు నెలల క్రితం ఇండియా నుంచి వచ్చిన సూట్‌కేసులు ఇంకా అక్కడే ఉన్నాయా? కాస్ట్‌కో నుంచి తెచ్చిన అట్టపెట్టెలు, బట్టలు ఆరేసుకోవడానికి మాత్రమే పనికివస్తున్న ట్రెడ్‌మిల్, విప్పిన బూట్లు, తిని వదిలేసిన పళ్ళేలు? వీటిని తీయడానికి పండితుడు అక్కరలేదు, ముహూర్తం అక్కరలేదు. ఒక శనివారం ఉదయం చాలు.

ఇంకొక విధంగా కూడా నడుమ మూసుకుపోతుంది. అబ్బాయి ఒక గదిలో, అమ్మాయి మరొక గదిలో, తండ్రి బేస్‌మెంటులో, తల్లి వంటింట్లో, ఎవరి తెర ముందు వారు. ఊరినుంచి ఆరు నెలలకని వచ్చిన తాతగారు, నాయనమ్మగారు తమ గదిలో గోడకేసి చూస్తూ కూర్చుంటారు. నేల ఎంత ఖాళీగా ఉన్నా ఆ ఇంటి బ్రహ్మస్థానం తెరిచి ఉన్నట్లు కాదు. ఎవరూ అడుగు పెట్టని ఖాళీ బ్రహ్మది కాదు, అనాథ.

వైద్యులుగా మాకు గుండె గుర్తుకు వస్తుంది. నిముషానికి 75 సార్లు కొట్టుకునే గుండెకు ఒక్కొక్క స్పందనకు 0.8 సెకను పడుతుంది. అందులో బిగుసుకుని రక్తాన్ని నెట్టేది సుమారు 0.3 సెకను. తక్కిన 0.5 సెకను సడలి, తెరుచుకుని, నిండుతుంది. గుండె కండరానికి, ముఖ్యంగా ఎడమ జఠరికకు, కావలసిన రక్తంలో ఎక్కువ భాగం ఈ సడలిన వేళలోనే అందుతుంది. ఊరందరికీ నెత్తురు పంపే గుండె తాను తినేది ఆ విరామంలోనే. ఇంటికీ అటువంటి విరామం, అటువంటి చోటు కావాలి.

అయితే ఇక్కడ ఒక హెచ్చరిక చేయక తప్పదు. ఛాతీలో బరువుగా ఉన్నదని వచ్చినవారు "ఇంటి మధ్యలో మెట్లు ఉండబట్టే ఇలా అయిందంటారా?" అని మమ్మల్ని అడిగిన సందర్భాలు ఉన్నాయి. కాదు. గుండెజబ్బుకు కారణాలు అధిక రక్తపోటు, చక్కెర, కొలెస్టరాల్, పొగ తాగడం, కదలకుండా కూర్చోవడం, వంశపారంపర్యం. 2018లో అమెరికా హృద్రోగ వైద్య సంఘాలు తమ కొలెస్టరాల్ మార్గదర్శకాలలో దక్షిణాసియా సంతతిని ముప్పు పెంచే అంశాలలో ఒకటిగా చేర్చాయి. ఛాతీలో నొప్పి వస్తే వెంటనే 911కు ఫోన్ చేయండి. వాస్తు సంగతి ఆ తరువాత. మెట్లు ఇంట్లో ఎక్కడ ఉన్నా, ఓపిక ఉన్నవారు రోజూ ఎక్కి దిగితే గుండెకు మేలే.

అలాగే గోడలు పగలగొట్టించడానికి తొందరపడకండి. ఇక్కడి చెక్క ఇళ్ళలో పై అంతస్తు బరువు మోసే గోడ చాలాసార్లు నడుమనుంచే పోతుంది. స్ట్రక్చరల్ ఇంజనీరును అడగకుండా, పర్మిట్ లేకుండా దాని జోలికి పోవడం ప్రమాదం. మధ్యలో మెట్లు వస్తే వాటి కింద చెత్త పేర్చకుండా, వెలుతురు పడేలా ఉంచుకోండి. బాత్‌రూము వస్తే శుభ్రంగా ఉంచి తలుపు మూసి పెట్టుకోండి. దాని పక్కనే ఉన్న గదిలో కొంత మేర ఖాళీ చేసి అందరూ కూర్చునే చోటు చేసుకోండి. అద్దె అపార్టుమెంటులో ఉన్నవారికి ఒక చాప పరిచేంత చోటు చాలు. భయంతో, అప్పు మీద అప్పు చేసి ఇల్లు మారితే ఆ ఇంటి నడుమ కూర్చునేది బ్రహ్మ కాదు, దిగులు.

ఈ పండుగలే మనకు దారి చూపిస్తున్నాయి. బతుకమ్మను నడుమ పెట్టి ఆడపడుచులు చుట్టూ తిరుగుతూ ఆడతారు. నడుమ పువ్వులు, చుట్టూ మనుషులు, ఎవరు ముందో ఎవరు వెనుకో తెలియని వరుస. సత్యనారాయణ వ్రతం నాడు సోఫాలను గోడవారకు జరిపి అందరం నేలమీద కూర్చుంటాం. మరునాడే సోఫాలు తిరిగి నడుమకు వచ్చేస్తాయి. ఈసారి వాటిని దీపావళి దాకా గోడవారనే ఉండనివ్వండి. రాత్రి భోజనాలయ్యాక అరగంటసేపు ఫోన్లు గదులలో వదిలి అందరూ అక్కడికి రండి. పూజలే చేయనక్కరలేదు. తాతగారిని తమ ఊరి లోగిలి ఎలా ఉండేదో చెప్పమనండి, పిల్లలను గళ్ళ కాగితం మీద దానిని గీయమనండి. దీపావళి నాడు గుమ్మాల వద్ద పెట్టే దీపాలతో పాటు ఒక దీపం నట్టింట, నీళ్ళు పోసిన పళ్ళెంలో, పిల్లల పావడాలకు దూరంగా వెలిగించండి.

నాలుగు గదుల వారికీ కనిపించే చోట ఆ దీపం వెలిగితే వాస్తు పురుషుడి ఆకలి తీరినట్లే. ఆ వాస్తోష్పతి మనందరి ఇళ్ళనూ చల్లగా చూడాలని ప్రార్థిస్తూ,

శుభం.