మా కడుపుల లెక్క

మా గురించి రెండు లెక్కలు నడుస్తున్నాయి. ఒకటి బయటివాళ్లది. తురకోళ్లు గంపెడు పిల్లల్ని కంటారు, ఎప్పటికైనా దేశాన్ని నింపేస్తారన్నది. రెండోది మా మొహల్లాలోది. రిజ్క్ ఇచ్చేవాడు అల్లా, మాత్రలు మింగడమంటే ఆయన పనిలో వేలు పెట్టడమన్నది. రెండిట్లోనూ కనేది మేమే. లెక్కపెట్టేది మాత్రం మేం కాదు.

మొదటి లెక్కకి జవాబు సర్కారు కాగితాల్లోనే ఉంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1992-93లో ముస్లిం స్త్రీకి సగటున 4.4 మంది పిల్లలు. 2019-21 నాటికి 2.4. అయినా ఆ ప్రచారం ఆగలేదు. తెలియక చేస్తే కదా ఆగడానికి!

రెండో లెక్క మా ఇంటిది. దాని గురించి మేమే మాట్లాడాలి.

మాత్ర పుట్టింది 1960లో. కానీ గర్భం రాకుండా చూసుకోవడం మా మతానికి కొత్త కాదు. ప్రవక్త కాలంలోనే సహాబాలు అజ్ల్ పాటించేవారని, ఖురాన్ అవతరిస్తున్న రోజుల్లోనూ దాన్ని నిషేధించలేదని బుఖారీ, ముస్లిం హదీసుల్లో ఉంది. దాన్ని తప్పుపట్టే హదీసూ ఒకటుంది, కాదనం. అయితే ఇమామ్ గజాలీ అంతటివాడు దాన్ని శిశుహత్యతో పోల్చడానికి ఒప్పుకోలేదు. సంతానం ఎక్కువై బతుకు బరువవుతుందన్న భయాన్ని కూడా సరైన కారణంగానే ఎంచాడు. పేదరికానికి భయపడి బిడ్డల్ని చంపొద్దన్న ఆయత్‌ని మాత్ర మీదికి తెచ్చే మౌల్వీ సాబులు గజాలీని ఎందుకు పక్కన పెడతారు?

ఇంకో సంగతి. హజ్‌కి వెళ్లే మా ఆడవాళ్లు చాలామంది నెలసరి వాయిదా పడే మాత్రలు వేసుకుంటారు. తవాఫ్‌కి ఆటంకం రాకూడదని. రంజాన్ రోజాలు తప్పకూడదని వేసుకునేవాళ్లూ ఉన్నారు. ఆలిములు చాలామంది దీన్ని ఒప్పుకున్నారు. అవీ హార్మోన్ బిళ్లలే. ఇబాదత్ కోసం ఒంటి గడియారాన్ని ఆపితే తప్పు లేదు. చంటిబిడ్డ పాలు మరవకముందే మళ్లీ నెల తప్పకూడదని ఆపితేనా తప్పు?

మాత్ర అమృతమని మేం అనడం లేదు. బీపీ ఉన్నవాళ్లకి, పొగ తాగే పెద్ద వయసు వాళ్లకి, పాలిచ్చే బాలింతలకి కొన్ని రకాలు పనికిరావు. ప్యాకెట్టు చేతిలో పెట్టే ముందు బీపీ చూడాలి. సెక్యులర్ మిత్రులు మాత్ర అనగానే స్వేచ్ఛ అంటారు గానీ ఈ మాట అడగరు. పైగా 1976లో తుర్క్‌మన్ గేట్, ముజఫర్‌నగర్‌లలో నస్‌బందీ పేరు చెబితే కాల్పులు గుర్తొచ్చే జనం మేం. సర్కారు ఇచ్చే దేన్నయినా అనుమానంగా చూడటం మా మూఢత్వం కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇవాళ్టికీ పెళ్లయిన స్త్రీలలో నూటికి దాదాపు 70 మందికి దక్కింది ఆపరేషనే. కాన్పుకీ కాన్పుకీ ఎడం కావాలన్న మనిషికి అదేం పనికొస్తుంది? శాశ్వతంగా ఆపించుకోవడాన్ని ఒప్పుకోని ఆలిములు కూడా తాత్కాలిక పద్ధతులకి దారి వదిలారు. ఆ దారి మాకు చెప్పినవాళ్లేరీ?

మేం మొదటినుంచీ పాటిస్తున్న హనఫీ ఫిఖ్‌లో అజ్ల్‌కి భార్య సమ్మతి కావాలన్నారు. సంతానం మీద ఆమెకీ హక్కుందని ఆనాడే ఒప్పుకున్నారన్నమాట. ఇప్పుడు ముఫ్తీలు దాన్నే తిప్పి, మాత్రకి మొగుడి అనుమతి కావాలంటున్నారు. సమానంగానే ఉన్నట్టుంది. కానీ రక్తం తక్కువై కళ్లు తిరిగేది ఎవరికి? తొమ్మిది నెలలు మోసేదెవరు? ఆయన కాదంటే ఆ కాన్పులో పోయే ప్రాణం ఎవరిది? బియ్యం డబ్బాలో ప్యాకెట్టు దాచుకుంటున్న మా అక్కచెల్లెళ్లు ఏ ముఫ్తీనీ ఈ ప్రశ్న అడగలేదు. మేం అడుగుతున్నాం.