నడుమనున్న పల్లె

పట్టణమునుండి పల్లెకు పోయినవాని నోట మొదట వెలువడు మాట “ఎంత ప్రశాంతముగా నున్నది!” అనునదే. ఆ ప్రశాంతి ఎవరి శ్రమవలన నిలిచియున్నది? దాని ననుభవించి మరలిపోవువాడు అందులకు ఎవరికైన ఋణపడుచున్నాడా? ఈ ప్రశ్న అరుదుగా ఉదయించును.

ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ రైలుమార్గమువలన పెరిగిన పట్టణము. 2003 నుండి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధానస్థానము. రైల్వే ఉద్యోగములకై వచ్చి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము గలవు. అచ్చటినుండి రాయపూర్‌నకు సుమారు 110 కిలోమీటర్లు. వర్షర్తువున ఆ దారికి ఇరువైపుల వరిచేలు పచ్చగా పరచుకొనియుండును. వాని నడుమ చెరువుల చెంత చిన్నచిన్న పల్లెలు. రైలులో పోవువానికి అవి రెండు నగరముల నడిమి దూరము మాత్రమే. సెలవునాడు అచ్చట దిగినవానికి విశ్రాంతిస్థానము. నడుము వంచి నాట్లు వేయు స్త్రీకో, ఆ పచ్చదనము కనులపండువు కాదు, ఏడాది గ్రాసము.

దారి నడుమ తారసిల్లు మనుష్యులను లెక్కసేయకుండుట ఎట్టి ఫలము నిచ్చునో రవీంద్రనాథ ఠాకూరు 1918లో వెలువడిన ‘పలాతకా’ సంపుటములోని ‘ఫాఁకి’ అను కవితలో చూపెను. రోగిణియైన భార్య బినును గాలిమార్పునకు తీసికొనిపోవుచు, బండి మారుటకై ఒక భర్త బిలాస్‌పూర్ స్టేషనులో ఆరు గంటలు ఆగవలసివచ్చినది. కూలివాని భార్యయగు రుక్మిణికి బిడ్డ పెండ్లికై 25 రూపాయలు అవసరమని తెలిసి, బిను వాని నిమ్మని భర్తను కోరెను. అతడు రుక్మిణిని బెదరించి, రెండు రూపాయలు మాత్రమే యిచ్చి పంపెను. బినుకు ఆ సంగతి తెలియనీయలేదు. బిను మరణించిన పిదప, ఆ ఋణము తీర్చుటకై అతడు మరల బిలాస్‌పూరునకు వచ్చెను. రుక్మిణి అచ్చట లేదు. ఆమె జాడయు దొరకలేదు.

పల్లెలో విశ్రాంతి గోరుట దోషము కాదు. పొందినదానికి బదులు ఈయవలె నను ఎరుక యుండిన చాలును. ఇచ్చుట యెట్లో ఆ పల్లెలే నేర్పుచున్నవి. పుష్యపూర్ణిమనాటి ఛేర్‌ఛేరా పండుగకు పిల్లలు ఇల్లిల్లు తిరిగి ధాన్యము నడుగుదురు. అడిగినవాడెవడని విచారింపక గృహస్థులు దోసిలి నింపుదురు.

ఆ ఋణము తీర్చుటకు పల్లెకు మరల పోనక్కరలేదు. కోతలు ముగిసిన పిదప ఆ పల్లెలనుండియే ఎందరో కూలికై నగరములకు పోవుదురు. సెలవునాడు త్రాగ నీరిచ్చినవారే రేపు తన యింటి గోడకు ఇటుకలు మోయుచుండవచ్చును. వారి కూలిని బేరమాడక, సకాలమున, గౌరవముతో చెల్లించుటయే ఋణవిమోచనము. రుక్మిణి యెదుట నున్నప్పుడే ఈయవలెను. ఋణము దాచుకొన్నవానికి పల్లెలో నిశ్శబ్దము దొరకవచ్చును, శాంతి దొరకదు.